అరవై దాటిన రైతు ఒళ్లు ఎవరి లెక్కలో ఉంది?

ఈ నెల సంపాదకీయం విషయం చూసి కొందరు సభ్యులు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. మద్దతు ధర సమస్య ఉంది. కొనుగోలు కేంద్రాల్లో తరుగు పేరుతో కోత ఉంది. కౌలు రైతుకు అందని బ్యాంకు రుణం ఉంది. ఇవన్నీ ఉండగా మగవాళ్ల మూత్రం బాధ గురించి, ప్రొస్టేట్ క్యాన్సర్ గురించి రాయడమేమిటని అడగొచ్చు. మన గ్రామ శాఖ సమావేశంలో కూర్చున్న తలలను ఒకసారి లెక్కపెట్టి చూడండి. నల్లవి తక్కువ, నెరిసినవి ఎక్కువ. కొడుకులు పట్నాలకు పోయారు, పొలం తండ్రుల చేతుల్లోనే మిగిలింది. ప్రొస్టేట్ క్యాన్సర్ యాభై దాటాక, ఎక్కువగా అరవై అయిదు దాటాక వచ్చే జబ్బు. అంటే ఇవాళ మన ఊళ్లలో నాగలి వెనక నడుస్తున్న, మందు డబ్బా వీపున మోస్తున్న తరం జబ్బు. దీన్ని మన పత్రికలో కాక ఇంకెక్కడ మాట్లాడతాం?

2022లో ప్రపంచం మొత్తం మీద 14 లక్షల 67 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 4 లక్షల మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ అంచనా. మన దేశంలో కొత్త కేసులు సుమారు 38 వేలు. అమెరికా, యూరప్‌లతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే. కానీ ఆయుష్షు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. 2020లో ఏటా 14 లక్షలుగా ఉన్న కేసులు 2040 నాటికి 29 లక్షలకు చేరతాయని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో లెక్కగట్టింది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం మనలాంటి దేశాలదేనని కూడా చెప్పింది.

లెక్కల సంగతి అలా ఉంచి, ఊరి సంగతికి వద్దాం. రాత్రి నాలుగుసార్లు లేస్తాడు. ధార సన్నబడింది, మొదలుకావడానికే కాసేపు నిలబడాలి. అయిపోయిందనుకున్నాక మళ్లీ చుక్కలు పడతాయి. బస్సెక్కాలంటే భయం, పెళ్లికి పోతే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకుంటాడు. ఎవరికీ చెప్పడు. షుగరేమో అనుకుంటాడు, వయసు మీద పడింది అనుకుంటాడు. భార్యకు తెలుస్తుంది, ఎందుకంటే ఆమెకూ నిద్ర ఉండదు. ఆమె పోరితే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు పోయి ఒక సూది, నాలుగు గోలీలు తెచ్చుకుంటాడు. ఒకరోజు మూత్రం పూర్తిగా బంద్ అయి, పొట్ట ఉబ్బి, ఆటోలో పట్నం తీసుకుపోయి గొట్టం వేయిస్తే తప్ప విషయం ఇంట్లో కొడుకుకు కూడా తెలియదు. ఎద్దు మేత మానేస్తే అదే సాయంత్రం పశువుల డాక్టర్‌కు ఫోన్ చేసే మనిషి, తన ఒంటి సంగతికి రెండేళ్లు ఆగుతాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ప్రొస్టేట్ అంటే మగవాళ్లకు మాత్రమే ఉండే ఒక గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వయసుతో పాటు అది ఉబ్బడం చాలామందికి మామూలే. అలా ఉబ్బి నాళాన్ని నొక్కితే పైన చెప్పిన బాధలన్నీ వస్తాయి. అది క్యాన్సర్ కాదు. మందులతో తగ్గుతుంది, తగ్గకపోతే పొట్ట కోయకుండా నాళం గుండానే చేసే ఆపరేషన్ ఉంది. కాబట్టి ధార సన్నబడిన ప్రతి పెద్దాయనా క్యాన్సర్ వచ్చిందని బెంగపెట్టుకోనక్కర్లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్ మొదటి దశలో చాలావరకు ఏ బాధా ఉండదు. నాకేం ఇబ్బంది లేదు కాబట్టి నాకు ఆ జబ్బు లేదు అనుకోవడానికీ లేదు.

అది ముదిరాక ఎక్కువగా పాకేది ఎముకలకు. నడుము, తుంటి, వెన్నుపూస. నడుము నొప్పి లేని రైతు ఎవరు? నాట్లు, కలుపు, బస్తాలు మోయడం, జీవితమంతా వంగి చేసిన పని. అందుకే ఆ నొప్పిని పని నొప్పిగానే లెక్కవేసి అమృతాంజనం రాసుకుంటాం. పని నొప్పి పడుకుంటే కొంత తగ్గుతుంది. పడుకున్నా తగ్గకుండా, రాత్రిళ్లు ఇంకా ఎక్కువయ్యే నడుము నొప్పి, దానితో పాటు ఒళ్లు తగ్గిపోవడం ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌కు చూపించాలి. ఇంకొకటి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. నడుము నొప్పి ఉన్న పెద్దాయనకు ఉన్నట్టుండి కాళ్లు బలం తప్పినా, తిమ్మిరెక్కినా, ఒకటికీ రెంటికీ పట్టు తప్పినా రేపు చూద్దాంలే అనకూడదు. వెన్నులోని నరాల కట్ట మీద ఒత్తిడి పడుతోందని దాని అర్థం. అదే రోజు పెద్దాసుపత్రికి చేరిస్తే మనిషి మళ్లీ నడిచే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే మంచానికే పరిమితం కావచ్చు.

ఇప్పుడు పరీక్ష మాట. రక్తంలో పీఎస్‌ఏ అనే పదార్థం ఎంత ఉందో చూసే పరీక్ష ఇది. ఈ మధ్య పట్నం ఆసుపత్రుల ఉచిత శిబిరాల్లో, మొత్తం శరీర పరీక్ష అనే ప్యాకేజీల్లో దీన్ని కలిపి అమ్ముతున్నారు. యాభై దాటిన ప్రతి మగవాడూ చేయించుకోవాలని ఫ్లెక్సీలు కడుతున్నారు. మన సభ్యులు కొందరు, సంఘమే ఊరూరా ఇలాంటి శిబిరాలు పెట్టొచ్చు కదా అని అడిగారు. ఆలోచన మంచిదే. కానీ సంఘం పేరుతో ఆ పని చేసే ముందు ఈ పరీక్ష ఏమిటో మనకు పూర్తిగా తెలిసి ఉండాలి.

పీఎస్‌ఏ క్యాన్సర్‌ను చూపించే పరీక్ష కాదు, ప్రొస్టేట్‌లో ఏదో కదలిక ఉందని చెప్పే పరీక్ష. గ్రంథి మామూలుగా ఉబ్బినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, గొట్టం వేసిన కొత్తలో అయితే ఇంకా పెరుగుతుంది. 4 దాటితే ఎక్కువ అనడం వాడుక. 4కు 10కు మధ్య ఉన్నవాళ్లకు ముక్క తీసి పరీక్ష చేస్తే, సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది. మిగతా ముగ్గురూ ఆ నెల రోజులు నిద్ర లేకుండా గడిపినట్టే, బయాప్సీ ఖర్చూ, నొప్పీ భరించినట్టే. ఆ ఒక్కడి సంగతి కూడా అంత సూటిగా ఉండదు. ప్రొస్టేట్ క్యాన్సర్లలో చాలా భాగం నత్తనడకవి. ఆ మనిషి ఎనభై ఏళ్లకు గుండెపోటుతోనో మరో జబ్బుతోనో పోతాడు, ప్రొస్టేట్‌లో క్యాన్సర్ ఉందని ఎవరికీ తెలియకుండానే. అలాంటి దాన్ని వెతికి పట్టుకుని కోస్తే ఆయుష్షు పెరగదు. ఆపరేషన్ తెచ్చే ఇబ్బందులు మాత్రం మిగులుతాయి. పీఎస్‌ఏపై తొలి పరిశోధన చేసినవారిలో ఒకరైన అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ ఆబ్లిన్, దీన్ని అందరి మీదా ప్రయోగించడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు.

అలాగని పరీక్ష పనికిరాదా? అదీ కాదు. యూరప్‌లో ఎనిమిది దేశాల్లో 55 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 1 లక్షా 62 వేల మంది మగవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును పరీక్షకు పిలిచి, రెండో జట్టును పిలవకుండా వదిలి, 23 ఏళ్లు గమనించారు. ఆ ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచిన జట్టులో ఈ క్యాన్సర్ చావులు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక చావు తప్పింది. ఇది చిన్న లాభమే, కానీ నిజమైన లాభం. అమెరికాలో ప్రభుత్వానికి సలహాలిచ్చే నిపుణుల సంఘం 2012లో ఈ పరీక్ష అసలు వద్దని చెప్పి, 2018లో మాట మార్చుకుంది. 55 నుంచి 69 ఏళ్ల వాళ్లు డాక్టర్‌తో లాభనష్టాలు మాట్లాడుకుని సొంతంగా నిర్ణయించుకోవాలి, 70 దాటాక మామూలుగా వద్దు అంది. మన దేశంలో ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వం ఊళ్లో చేసే క్యాన్సర్ పరీక్షలు మూడింటికే. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ప్రొస్టేట్ అందులో లేదు. ఉండాలని మేం పట్టుబట్టడం లేదు.

మా అభిప్రాయం ఇది. మూత్రం బాధలున్న ఏ మగవాడికైనా, అతని వయసు ఎంతైనా, డాక్టర్ చూసి అవసరమని రాస్తే పీఎస్‌ఏ జిల్లా స్థాయిలో ఉచితంగా జరగాలి. ఇది హక్కుగా అడగాల్సింది. తండ్రికో అన్నకో ఈ జబ్బు వచ్చినవాళ్లకు ముప్పు ఎక్కువ. వాళ్లు యాభైకి ముందే డాక్టర్‌తో ఈ మాట ఎత్తాలి. ఏ బాధా లేని మిగతావాళ్లు, లాభం ఎంత, నష్టం ఎంత అన్నది విని తమకు తోచింది చేయాలి. వద్దన్నవాడు పిరికివాడు కాదు, కావాలన్నవాడు పిచ్చివాడు కాదు. కానీ శిబిరంలో వరుసగా నిలబెట్టి, ఏ పరీక్షో చెప్పకుండా రక్తం తీసి, వారం తర్వాత ఫోన్ చేసి మీకు ఎక్కువ వచ్చింది, మా ఆసుపత్రికి రండి అని పిలిచే పద్ధతికి మన సంఘం జెండా నీడ ఇవ్వకూడదు. పరీక్ష తర్వాత దారి ఎటో తెలియని చోట పరీక్ష ఒక్కటే పెడితే, అది రైతును అప్పుల దారిలోకి నెట్టడమే అవుతుంది. మందు కొట్టే ముందు పురుగు ఏదో, ఏ దశలో ఉందో చూసుకోవాలని మనం కుర్రాళ్లకు చెబుతాం కదా. ఇక్కడా అంతే.

జబ్బు తేలాక ఏ చికిత్స తీసుకోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. క్యాన్సర్ అనగానే కోసి పారేయండి అనడం మనవాళ్ల అలవాటు. గ్రంథి దాటని జబ్బుకు ఆపరేషన్ ఒక దారి, రేడియేషన్, అంటే మనవాళ్ల మాటలో కరెంటు పెట్టించుకోవడం, ఇంకో దారి. మూడో దారి చాలామందికి తెలియదు. ఏమీ కోయకుండా, క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ, జబ్బు కదిలితేనే చికిత్స మొదలుపెట్టడం. బ్రిటన్‌లో 1,643 మందిని ఈ మూడు దారుల్లోకి పంచి 15 ఏళ్లు చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఏ దారిలో పోయినవాళ్లయినా ఈ క్యాన్సర్‌తో చనిపోయింది దాదాపు ఒకటే, నూటికి ముగ్గురు లోపు లేదా కాస్త అటూ ఇటూ. అయితే కనిపెట్టుకుని ఉన్న జట్టులో జబ్బు వేరే చోటికి పాకడం నూటికి తొమ్మిది మందిలో కనబడింది, మిగతా రెండు జట్లలో అయిదుగురిలో. అలాగే ఆ జట్టులో సగానికి పైగా తర్వాత ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషనో రేడియేషనో తీసుకున్నారు. అందుకే ఇది జబ్బును గాలికి వదిలేయడం కాదు. ఉధృతి తక్కువ రకం క్యాన్సర్‌కు మాత్రమే పనికొచ్చే దారి. బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ అనే అంకె ఉంటుంది. 6 అయితే నెమ్మదైన రకం, 8 నుంచి 10 అయితే ఉధృతమైన రకం. ఆ అంకె ఎంత అని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఈ దారుల్లో ఏది మంచిది అన్నదానికి పుస్తకంలో ఒక జవాబు ఉంటుంది, రైతు బతుకులో ఇంకొకటి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కొంతకాలం మూత్రం పట్టు తప్పుతుంది, కొందరికి అది మిగిలిపోతుంది. చాలామందికి సంసార జీవితం దెబ్బతింటుంది. రేడియేషన్‌లో ఆ ఇబ్బందులు కొంత వేరుగా, కొంత నెమ్మదిగా వస్తాయి, మలద్వారం వైపు బాధలు రావచ్చు. ఇవి డాక్టర్లు చెబుతారు, చెప్పకపోతే అడగాలి. కానీ వాళ్లు అడగనిది ఒకటుంది. రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున, సాధారణంగా నాలుగు వారాలో అంతకు మించో ఆసుపత్రికి పోవాలి. ఆదిలాబాద్ పత్తి రైతు, అనంతపురం వేరుశనగ రైతు అన్ని రోజులు పట్నంలో ఎక్కడ ఉండాలి? కోతల వేళ అయితే పొలం ఎవరు చూడాలి? పంట పోతుందని మధ్యలో ఆపేసి ఊరికి వచ్చేవాళ్లు ఉంటారు. అదే అన్నిటికంటే చెడ్డది. కొన్ని రకాల రోగులకు అయిదే విడతల్లో ముగించే రేడియేషన్ మామూలు దానికి తీసిపోదని 2024లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన చూపింది. అది నాకు సరిపోతుందా అని అడగడం మన హక్కు. కనిపెట్టుకుని ఉండే దారి ఎంచుకుంటే ఆరు నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు. దగ్గర్లో ఆ పరీక్షే జరగకపోతే, ఆ దారి కాగితం మీదే ఉంటుంది. దూరం వల్ల, కూలి వల్ల, పంట వల్ల తీసుకునే నిర్ణయాన్ని రోగి ఎంపిక అనడం అన్యాయం.

జబ్బు ఎముకలకు పాకాక చేసే వైద్యం గురించి మగవాళ్లు మరీ మాట్లాడరు. ఈ క్యాన్సర్ మగ హార్మోన్ తిని బతుకుతుంది. ఆ హార్మోన్ ఆపితే జబ్బు ముడుచుకుంటుందని 1941లోనే చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు, 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆపడానికి రెండు మార్గాలు. నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్, జీవితాంతం. లేదా వృషణాలు తీసేసే ఒక చిన్న ఆపరేషన్, ఒక్కసారి. ఆ రెండో మాట వినగానే మన పెద్దాయన లేచి వచ్చేస్తాడు. కోడెకు వట్టలు కొట్టినట్టు నాకు కొడతారా అంటాడు. ఆ బాధను మేం చులకన చేయడం లేదు. అయితే ఒక నిజం తెలియాలి. ఇంజెక్షన్ చేసేది కూడా అదే పని, సూది రూపంలో. జబ్బు మీద రెండింటి ప్రభావం ఒకటే. ఒంట్లో వేడి ఆవిర్లు, కండ తగ్గడం, ఎముకలు బలహీనపడటం, కోరిక పోవడం రెండింటిలోనూ ఉంటాయి. తేడా అంతా ఖర్చులో, తిరుగుడులో. ఇంజెక్షన్‌కు డబ్బు సర్దక రెండు విడతలు తప్పిపోయిన మనిషికి జబ్బు మళ్లీ లేస్తుంది. అబిరాటెరోన్ అనే మాత్రను వీటికి జోడిస్తే ఆయుష్షు పెరుగుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశ కంపెనీలే దాన్ని జనరిక్‌గా తయారు చేస్తున్నాయి. అయినా ప్రతి నెలా సొంత డబ్బుతో కొనుక్కోవడం చిన్న రైతుకు అయ్యే పని కాదు. ఏ మార్గమైనా ఆలుమగలిద్దరూ డాక్టర్ ముందు కూర్చుని విని నిర్ణయించుకోవాలి. భార్యను వరండాలో కూర్చోబెట్టి లోపల కొడుకు, డాక్టర్ మాట్లాడుకునే పద్ధతి మానాలి. రేపు సేవ చేసేది ఆమే.

డబ్బు గురించి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలకు పెంచారు, ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. 70 దాటినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల వరకు కేంద్రం కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది. హైదరాబాద్ ఎర్రమంజిల్ వైపు పోకుండా రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, విశాఖ దగ్గర అగనంపూడిలోని టాటా మెమోరియల్ వాళ్ల హోమీ బాబా ఆసుపత్రికి నేరుగా పోవచ్చు. కార్డులు, పరిమితులు పెరగడం మంచిదే, మన పోరాటాలకు కూడా అందులో వాటా ఉంది. కానీ పథకం ఆపరేషన్ గది దగ్గర మొదలవుతుంది. రైతు కష్టం అంతకు రెండేళ్ల ముందు, ఊళ్లో మొదలవుతుంది. చాలా జిల్లాల్లో సర్కారు ఆసుపత్రిలో మూత్ర సంబంధ నిపుణుడైన డాక్టర్ దొరకడమే కష్టం.

ఇక మన సంఘం తప్ప మరెవరూ ఎత్తని మాట. పురుగుమందులకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందా?

జాగ్రత్తగా చెబుతాం. వయసు, వంశం ఈ జబ్బుకు పెద్ద కారణాలు. మందు కొట్టిన ప్రతివాడికీ ఇది రాదు. కానీ అమెరికాలోని అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో 1993 నుంచి పురుగుమందులు వాడే వేలాది రైతులను గమనిస్తూ వచ్చారు. మొత్తం మీద ఆ రైతుల్లో క్యాన్సర్లు మిగతా జనం కంటే తక్కువే. ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రం దాదాపు అయిదో వంతు ఎక్కువ. అందులోనూ ఉధృతమైన రకం, మలాథియాన్ వంటి కొన్ని మందులు ఎక్కువగా వాడినవాళ్లలో ఎక్కువగా కనబడింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మలాథియాన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించినప్పుడు ప్రొస్టేట్ క్యాన్సర్ ఆధారాలను కూడా, అవి పరిమితమైనవే అయినా, పరిగణనలోకి తీసుకుంది. మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో 27 పురుగుమందుల నిషేధానికి ముసాయిదా తెచ్చింది. అందులో మలాథియాన్ ఉంది. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి అది పూర్తి నిషేధం నుంచి తప్పించుకుంది.

మనకంటే ముందు ఈ పోరాటం చేసినవాళ్లు ఉన్నారు. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న గ్వాడెలూప్, మార్టినిక్ దీవుల్లో అరటి తోటలే బతుకుతెరువు. అరటి దుంపను తొలిచే పురుగుకు 1970ల నుంచి 1993 వరకు క్లోర్‌డెకోన్ అనే మందు వాడించారు. అమెరికా దాన్ని 1970ల్లోనే ఆపేసింది. ఫ్రాన్స్ తన గడ్డ మీద 1990లో నిషేధించి, ఈ దీవులకు మాత్రం మినహాయింపు ఇచ్చి మరో మూడేళ్లు వాడనిచ్చింది. ఆ మందు నేలలో శతాబ్దాల పాటు ఉంటుంది. ఇప్పటికీ అక్కడి పెద్దల్లో నూటికి తొంభై మందికి పైగా రక్తంలో దాని జాడ ఉంది. రక్తంలో అది ఎక్కువ ఉన్నవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువని 2010లో గ్వాడెలూప్‌లో చేసిన పరిశోధన చూపింది. అరటి కూలీలు, రైతులు, వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి వీధుల్లోకి వచ్చారు. కోర్టు కేసు 2023 జనవరిలో ఎవరినీ శిక్షించకుండానే మూతపడింది. కానీ అంతకు ముందే, 2021 డిసెంబర్‌లో, ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. పదేళ్లు పురుగుమందుల మధ్య పనిచేసినవాడికి ప్రొస్టేట్ క్యాన్సర్ వస్తే దాన్ని వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా గుర్తించి పరిహారం ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది. ఫలానా డబ్బా వల్లే వచ్చిందని రోగి నిరూపించనక్కర్లేదు. పనిచేశానని చూపిస్తే చాలు.

మన గుంటూరు, ఖమ్మం మిరప చేలల్లో, వరంగల్ పత్తి చేలల్లో ముప్పై ఏళ్లు చొక్కా తడిసేలా మందు కొట్టిన మనిషికి ఏముంది? ఏ మందు, ఎన్నేళ్లు, ఎన్ని ఎకరాలు అన్న లెక్కే ఎక్కడా లేదు. ఆసుపత్రి కాగితంలో వృత్తి దగ్గర వ్యవసాయం అని ఒక్క ముక్క రాస్తే గొప్ప. కూలికి మందు కొట్టే దళిత, గిరిజన కార్మికుడి సంగతి అయితే ఆ ముక్క కూడా ఉండదు.

బీమా సంగతి చూడండి. తెలంగాణలో 2018 నుంచి రైతుబీమా ఉంది. రైతు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు. ఎన్నో ఇళ్లను నిలబెట్టిన పథకం, దాన్ని మేం తక్కువ చేయం. కానీ వయసు 18 నుంచి 59 వరకే. కేంద్రం ఇచ్చే జీవన జ్యోతి బీమా 55తోనే ఆగిపోతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చేది సరిగ్గా ఆ గీత దాటాక. నలభై ఏళ్లు మందు పీల్చినవాడి జబ్బు బయటపడే వేళకు బీమా కాగితం చెల్లదు. పట్టా లేని కౌలుదారు అయితే మొదటి నుంచీ అందులో లేడు. అరవై దాటితే రైతు కాడని ప్రభుత్వం అనుకుంటోందేమో గానీ, పొలం మాత్రం అలా అనుకోవడం లేదు.

కాబట్టి ఈ శీతాకాలం జిల్లా కలెక్టర్లకు ఇచ్చే వినతి పత్రాల్లో ధర, నీళ్లు, కరెంటుతో పాటు ఇవి కూడా చేర్చాలని రాష్ట్ర కమిటీ తీర్మానానికి ప్రతిపాదిస్తున్నాం. రైతుబీమా వయసు కనీసం 75కు పెంచాలి, కౌలు రైతును కలపాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజయినా మూత్ర సంబంధ నిపుణుడు కూర్చోవాలి, ఆ రోజు ఏదో ఊళ్లకు ముందే తెలియాలి. హార్మోన్ ఇంజెక్షన్, అబిరాటెరోన్ వంటివి జిల్లాలోనే ప్రతి నెలా ఉచితంగా అందాలి. రేడియేషన్ కోసం పట్నంలో ఉండాల్సిన రైతుకు, తోడొచ్చిన మనిషికి వసతి, రోజు కూలి ఇవ్వాలి. క్యాన్సర్ ఆసుపత్రుల్లో ప్రతి రోగి దగ్గరా ఏ పంట, ఏ మందులు, ఎన్నేళ్లు అని అడిగి రాసే పద్ధతి తేవాలి. ఆ లెక్క లేకుండా రేపు ఏ కోర్టులోనూ, ఏ ప్రభుత్వం ముందూ మనం నిలబడలేం.

ప్రభుత్వం రాసేదాకా ఆగకుండా మన గ్రామ శాఖలు ఒక పని మొదలుపెట్టొచ్చు. ఒక నోటుబుక్కు తీసుకుని, యాభై దాటిన సభ్యుల్లో ఇష్టమైనవాళ్ల వివరాలు రాయండి. ఏ ఏట నుంచి మందు కొడుతున్నారు, ఏ పంట, గుర్తున్న మందుల పేర్లు, పాత డబ్బాలు, దుకాణం రసీదులు ఉంటే వాటి ఫొటో. జబ్బు వివరాలు రాయొద్దు, అవి ఎవరివి వారి సొంతం. ఇక సమావేశం చివర్లో ఒక పావుగంట, మైకు ఆపేశాక, పెద్దవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు పెద్దయ్యా అని మొదట అడిగేవాడు శాఖ కార్యదర్శే అయితే, రెండోవాడు జవాబు చెబుతాడు. బాధ ఉందన్నవాళ్లను ఒక్కొక్కరిగా కాక, నలుగురిని కలిపి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి. నలుగురు కలిసి పోతే డాక్టర్ కూడా కాస్త నిదానంగా చూస్తాడు. నోటుబుక్కులు జనవరి జిల్లా కమిటీ సమావేశానికి తీసుకురండి. అక్కడ అన్నీ కలిపి ఒక లెక్క తీద్దాం.